కరెంటు మద్దెల

రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకుందని సామెత. రోలుకి ఒకవైపే దెబ్బలు, మద్దెలకి రెండువైపులా! ఇక నేను చేసిన ఎలక్ట్రానిక్ డప్పుకి మూడు: పైన పుల్లల దెబ్బ, లోపల కరెంటు దెబ్బ, చుట్టూ మన కోనసీమ ఉప్పుగాలి దెబ్బ.

దాని పని సులభమే. బజర్లలో ఉండే పీజో బిళ్ళ మీద దెబ్బ పడితే విద్యుత్తు పుడుతుంది. మైక్రోకంట్రోలరు దాన్ని పసిగట్టి, దాచిన శబ్దాన్ని పలికిస్తుంది. గట్టి దెబ్బకి ఆ బిళ్ళ పదుల వోల్టులు విసరగలదు కనుక ఒక మెగా ఓమ్ రెసిస్టరునీ, 5.1 వోల్టుల జీనర్ డయోడునీ కాపలా పెట్టాను. తిప్పలన్నీ దాని తిండి దగ్గరా, ఇంటి దగ్గరా వచ్చాయి. మనుషులకైనా అంతే కదా!

ముందు తిండి. చిన్న 9 వోల్టుల బ్యాటరీలో ఉండేది సుమారు 500 మిల్లీ ఆంపియర్ అవర్లు. ఇది తాగేది 100 మిల్లీ ఆంపియర్లు. లెక్కకే అయిదు గంటలు. తీర్థంలో ఒక రాత్రికి చాలదు. ట్రాన్స్‌ఫార్మరు పెట్టెలో పెడితే 50 హెర్ట్జ్ రొద తాళంలో కలుస్తుంది. పైగా గాలివానకి కరెంటు పోవడం మనకి కొత్తా? 1996 నవంబరు 6 తుపాను సంగతి పెద్దలు ఇప్పటికీ చెబుతారు. అందుకని 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీని బయట ఉంచి, లోపల 7805 రెగ్యులేటరుతో 5 వోల్టులకి దించాను. మిగిలిన 7 వోల్టులు 0.7 వాట్ల వేడిగా పోతాయి. ఆ వేడి మోయడానికి చిన్న అల్యూమినియం రేకు చాలు.

ఇక ఇల్లు. వీణకీ మృదంగానికీ పనస కర్ర వాడేది మోగడానికి. నా పనస పెట్టె మాత్రం మోగకూడదు! ఒక పలక మీద కొడితే పక్క పలక పలకరాదు. దానికి మందు మన పెరట్లోనే ఉంది: ప్రతి పలక కిందా కొబ్బరిపీచు మెత్త. లోపల రేకు అంటించి గ్రౌండుకి కలిపితే రొద తగ్గింది. బోర్డుకి వార్నిషు పూశాను. అడుగున గాలి కన్నాలు, వాటికి చీమలు దూరకుండా జాలీ.

ఇదంతా మా చిన్నాన్న కోసం. డప్పు కళాకారుడు. కొబ్బరిచెట్టు మీదనుంచి పడి మణికట్టు విరిగాక గట్టిగా కొట్టలేడు. మెల్లగా తాకినా పలికేలా దీన్ని సరిచేశాను. లోపలున్నవి ఆయన మంచిరోజుల్లో సెల్‌ఫోనులో పట్టిన దెబ్బలే.

ఆయన జట్టువాళ్ళు చూసి, “ఏరా అబ్బాయ్, ఈ పెట్టొచ్చాక మమ్మల్ని పిలిచేదెవర్రా?” అన్నారు. న్యాయమైన ప్రశ్న. 1980లో రోలాండ్ కంపెనీ తెచ్చిన టీఆర్-808 మనిషి చెయ్యి పడకుండానే లయ నడిపింది. డప్పు కొట్టేవాళ్ళ పొట్ట కొట్టే యంత్రం నాకెందుకు?

అందుకే దీనికి తనంతట తాను వాయించే సదుపాయం పెట్టలేదు. నాలుగు వరుసల ప్రోగ్రాము చాలు, పెట్టడం కష్టం కాదు. కాని మిత్రులారా, చిన్నాన్న చెయ్యి పడితేనే అది డప్పు. లేకపోతే ఉత్త పనసపెట్టె. జట్టులో ఆయన వాటా ఇప్పుడూ పాత వాటాయే.