మనిషికి 350 చదరపు కిలోమీటర్లు

మ్యాపు ముందేసుకుని కూర్చోవడం నాకో పాత జబ్బు. ఊళ్ల పేర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న చోట నాకేమీ తోచదు. పసుపు రంగు పూసి ఖాళీగా వదిలేసిన జాగా కనబడిందా, వేలు అక్కడే ఆగిపోతుంది. అక్కడెవరుంటారు? వాళ్లకి మంచినీళ్లు ఎవరిస్తారు? రోడ్డు కొట్టుకుపోతే ఎవరి దగ్గరికెళ్లి పోట్లాడతారు? ఇలాంటి అక్కర్లేని సందేహాలన్నీ నాకే వస్తాయి. మీకూ వస్తాయంటే ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి, డయమంటినా షైర్ కబుర్లు చెబుతాను.

ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రం ఉంది కదా, దాని నైరుతి మూల ఈ షైర్. షైర్ అంటే అక్కడి గ్రామీణ స్థానిక ప్రభుత్వం. విస్తీర్ణం దాదాపు 95 వేల చదరపు కిలోమీటర్లు. మన తెలంగాణ కంటే కొంచెం చిన్నది, అంతే. మరి జనమో? 2021 జనగణనలో 266 మంది. సున్నాలేవో ఎగిరిపోయాయని అనుకోకండి, అచ్చంగా రెండొందల అరవై ఆరుగురే. పంచితే మనిషికి 350 పైచిలుకు చదరపు కిలోమీటర్లు వస్తుంది. గట్టు తగాదాలకి ఆస్కారమే లేదన్నమాట.

ఆ పేరేమిటంటారా? నది పేరు. నదికేమో ఒక ఆడమనిషి పేరు. క్వీన్స్‌లాండ్ మొదటి గవర్నర్ జార్జ్ బోవెన్ భార్య డయమంటినా. గ్రీకు దేశపు జాంటే దీవిలో పుట్టిన పెద్దింటి బిడ్డ. 1866లో విలియం లాండ్స్‌బరో అనే అన్వేషకుడు ఈ నదికి ఆవిడ పేరు పెట్టాడు. ఆవిడ పుట్టింది చుట్టూ సముద్రమున్న దీవిలో, ఆవిడ పేరు పెట్టుకున్న నదికేమో సముద్రం మొహమే తెలియదు. అదెక్కడికి పోతుందో తర్వాత చెబుతాను.

లాండ్స్‌బరో పేరు పెట్టేదాకా అక్కడ ఎవరూ లేరనుకుంటే పొరపాటు. వాంగ్‌కంగురు, యార్లుయాండి, మిథాకా ప్రజలు వేల ఏళ్లుగా ఆ నేలని ఎరిగినవాళ్లు. పడమటి వైపు ముల్లిగన్ నది దగ్గర పిటురి అనే పొద పెరుగుతుంది. దాని ఆకులో నికోటిన్ దండిగా ఉంటుంది. ఆకు ఎండబెట్టి, తుమ్మజాతి చెట్ల బూడిద కలిపి దవడన పెట్టుకునేవారు. ఖైనీలో సున్నం ఎందుకు కలుపుతారో తెలిసినవాళ్లకి ఆ బూడిద సంగతి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఈ ఆకు సంచులకెక్కి వందల కిలోమీటర్లు పోయేది. అంటే ఈ ‘మారుమూల’ ఒకప్పుడు పెద్ద వ్యాపార దారి మీద ఉండేదన్నమాట. ఎవరికి మారుమూల అనేది ఎక్కడ నిలబడి చూస్తున్నామనేదాన్ని బట్టి ఉంటుంది.

ఇక పరిపాలన సంగతి. ఒక మేయరు, నలుగురు కౌన్సిలర్లు. ఆఫీసు బెడూరీలో. 1953 దాకా బర్డ్స్‌విల్‌లో ఉండేది, అక్కడి నుంచి మార్చారు. ఈ రెండు ఊళ్లకీ మధ్య 190 కిలోమీటర్ల దాకా దూరం. రెండింట్లో దేనిలోనూ జనం రెండొందలు దాటరు. మిగిలినదంతా పశువుల స్టేషన్లు. స్టేషనంటే రైలాగేది కాదు, ఒక్కో కంపెనీకో కుటుంబానికో చెందిన వేల చదరపు కిలోమీటర్ల మేతభూమి. సిడ్నీ కిడ్మన్ అనే ఆయన, పదమూడో ఏట ఐదు షిల్లింగులూ ఓ ఒంటికన్ను గుర్రమూ పట్టుకుని ఇల్లు వదిలిపోయినవాడు, తర్వాత ఈ నదుల వెంబడి వరసగా స్టేషన్లు కొంటూ పోయాడు. ఒకచోట కరువొస్తే మందని ఇంకోచోటికి తోలుకుపోవచ్చని లెక్క. పాతకాలపు బీమా అనుకోండి.

షైర్‌లో మూడో ఊరు బెటూటా. ఇది చెప్పకుండా వదిలిపెట్టలేను. 1880లలో కట్టిన ఒక హోటలు, అంతే ఊరు. ఆ హోటలాయన 1997లో తలుపులు మూసేశాడు, 2004లో కాలం చేశాడు. అప్పటికి ఊళ్లో ఆయనొక్కడే. ఆ తర్వాత జనాభా సున్నా. అయినా మ్యాపులో పేరు చెరపలేదు. 2020లో ఎవరో మళ్లీ హోటలు తెరిచారు. సిడ్నీలో కొందరు కుర్రాళ్లు వ్యంగ్య వార్తలు రాయడానికి ‘బెటూటా అడ్వకేట్’ అని పేరెత్తుకుని దేశమంతా పేరు తెచ్చుకున్నారు. మనిషి లేని ఊరికి పత్రిక ఉండటం నాకు భలే నచ్చింది.

ఇంత నేలకి ఇంత కొద్దిమంది పన్ను కడితే ఎంతొస్తుంది? మీరు అడగకముందే చెబుతున్నా, సరిపోదు. దేశ రాజధాని కాన్‌బెరా నుంచీ రాష్ట్ర రాజధాని బ్రిస్బేన్ నుంచీ గ్రాంట్లు రావాలి. రాష్ట్రప్రభుత్వపు రోడ్లని బాగుచేసే పని కౌన్సిలే కాంట్రాక్టుకి తీసుకుంటుంది. అంటే మేయరు గారి కొలువులో గుమాస్తాల కంటే రోడ్డు చదునుచేసే గ్రేడరు నడిపేవాళ్లే ముఖ్యం. ఆ మట్టిరోడ్ల మీద నాలుగు చినుకులు పడితే బురద, ఎండితే అలలు తేలి బండి ఒళ్లు హూనం. చదును చేస్తూనే ఉండాలి. ఆ చివర అయ్యేసరికి ఈ చివర మళ్లీ మొదలు.

రోడ్డు బాగుండటం అక్కడ సౌకర్యం కాదు, ప్రాణం. 1963 క్రిస్మస్ రోజుల్లో బర్డ్స్‌విల్ దారిలో ఒక కుటుంబం కారులో పెట్రోలు అయిపోయి చిక్కుకుపోయింది. తల్లి, తండ్రి, ముగ్గురు పిల్లలు. బండి వదిలి నీళ్ల కోసం నడిచారు. ఎవరూ బతకలేదు. అక్కడ వేసవికి దయ ఉండదు. 1972 డిసెంబరు 24న బర్డ్స్‌విల్‌లో 49.5 డిగ్రీలు నమోదైంది, క్వీన్స్‌లాండ్ మొత్తం మీద రికార్డు. దక్షిణార్ధగోళం కదా, డిసెంబరంటే నడి ఎండాకాలం.

ఈ లెక్కలు చూసి, ‘266 మంది కోసం ఇంత ఖర్చా, అందర్నీ పట్నానికి తరలిస్తే పోలే’ అనేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. ఆ మాట నాకు ససేమిరా గిట్టదు. ఆ రోడ్డు మీద పోయే లారీల్లో పశువులుంటాయి, వాటి మాంసం తినేది పట్నాలవాళ్లు. బండి చెడి నిలబడిపోయే యాత్రికుడూ పట్నం వాడే. వెతకడానికి వెళ్లేది మాత్రం ఆ 266 మందిలో ఎవరో ఒకరు. బర్డ్స్‌విల్ పోలీసు స్టేషన్లో చాలాకాలం పాటు ఉన్నది ఒక్క ఆఫీసరే. ఆయన హద్దులో ఒక దేశం పడుతుంది.

నీళ్ల సంగతి వింటే ఇంకా వింత. మన పంచాయతీలకి నీళ్లు తోడటం సమస్య. బర్డ్స్‌విల్ వాళ్లకి నీళ్లు చల్లార్చడం సమస్య. కింద గ్రేట్ ఆర్టీషియన్ బేసిన్ అనే భూగర్భ జలాశయం ఉంది. ఆస్ట్రేలియా ఖండంలో అయిదో వంతు కంటే ఎక్కువ మేర పరుచుకుంది. బర్డ్స్‌విల్‌లో 1,200 మీటర్ల పైచిలుకు లోతుకి బోరు వేస్తే నీళ్లు పంపు లేకుండా వాటంతటవే పైకి తన్నుకొస్తాయి, 98 డిగ్రీల వేడితో. ఇంచుమించు మరుగుతున్నాయన్నమాట. ఆ వేడితో కరెంటు కూడా తీశారు. చిన్నది, 80 కిలోవాట్ల ప్లాంటు. కొన్నేళ్లు ఊరి అవసరాల్లో కొంత తీర్చి 2018లో మూతపడింది. బెడూరీ వాళ్లు ఇంకో తెలివైన పని చేశారు. ఆ వేడినీళ్లతో ఊళ్లో ఒక స్నానాల తొట్టి కట్టుకున్నారు. దారిన పోయేవాళ్లు దిగి ఒళ్లు నొప్పులు పోగొట్టుకోవచ్చు.

బెడూరీ పేరుతో ఒక వంటపాత్ర కూడా ఉంది. మందలు తోలేవాళ్లు గుర్రాల మీద పోతపోసిన ఇనప గిన్నెలు తీసుకెళ్లేవారు. గుర్రం బెదిరి గిన్నె కిందపడితే పగిలి ముక్కలయ్యేది. అందుకని పగలని పలుచటి ఉక్కురేకుతో మూత గిన్నె చేశారు. నిప్పుల్లో పెట్టి రొట్టె కాల్చుకోవచ్చు. ఈనాటికీ ‘బెడూరీ అవెన్’ అనే అంటారు.

నది ఎక్కడికి పోతుందో చెబుతానన్నాను కదూ. బర్డ్స్‌విల్‌లో ఏడాది మొత్తానికి వాన సగటున 160, 170 మిల్లీమీటర్లు. కానీ వరదొస్తుంది. అదీ నడినెత్తిన ఎండ కాస్తుండగా, మబ్బు తునక కూడా లేని ఆకాశం కింద. వాన పడేది ఎక్కడో ఉత్తరాన వందల కిలోమీటర్ల అవతల. నేలకి వాలు లేదు, అందుకని నీళ్లకి తొందరా లేదు. వందల పాయలుగా చీలిపోతూ, కలుస్తూ, పదుల కిలోమీటర్ల వెడల్పున పరుచుకుంటూ వారాల తరబడి నడిచొస్తాయి. అందుకే ఆ నేలకి ఛానెల్ కంట్రీ అని పేరు. ఊళ్ల వాళ్లకి ముందే కబురందుతుంది. సరుకులు తెచ్చి పెట్టుకుంటారు. తర్వాత కొన్నాళ్లు ఊరు దీవి. విమానమొక్కటే దారి. మనమైతే వరదంటే గుండెలు బాదుకుంటాం. అక్కడ పశువులవాళ్లు దానికోసమే కళ్లలో ఒత్తులేసుకుని ఎదురుచూస్తారు. నీళ్లు తీశాక మొలిచే గడ్డికి మందలు అలా బలిసిపోతాయి మరి. శ్రుతి మించితే మాత్రం కష్టమే. 2025లో పడమటి క్వీన్స్‌లాండ్‌లో వచ్చిన వరదల్లో కంచెలూ పశువులూ లెక్కలేనన్ని కొట్టుకుపోయాయి. మిగిలిన నీళ్లు దక్షిణాన ఐర్ సరస్సుకి చేరతాయి. సముద్రమట్టానికి 15 మీటర్లు దిగువన ఉన్న ఉప్పు పర్ర అది. అక్కడితో నది కథ సరి.

ఇంత నిశ్శబ్దపు ఊళ్లో ఏడాదికోసారి జాతర. సెప్టెంబరు మొదట్లో బర్డ్స్‌విల్ గుర్రప్పందేలు. 1882లో మొదలయ్యాయి. వంద చిల్లర మంది ఉండే ఊరికి వేలల్లో జనం దిగుతారు. ఊళ్లో 1884 నాటి రాతి హోటలు ఉంది, దాని ఎదురుగానే విమానాల మైదానం. సొంత విమానాల్లో వచ్చినవాళ్లు రెక్క కిందే డేరా వేసుకుంటారు. ఈ పందేల చందాలు ఫ్లయింగ్ డాక్టర్ల సేవకి వెళ్తాయి. ఆ డాక్టర్లు లేకపోతే ఆ ప్రాంతంలో పురుడూ లేదు, పాముకాటుకి మందూ లేదు. చిత్రం చూడండి, 2007లో గుర్రాలకి ఫ్లూ వచ్చి పందేలు ఆగాయి, 2020లో కరోనాకి ఆగాయి. మధ్యలో 2010లో? ఎడారి అంచున, వాన కురిసి ఆగిపోయాయి!

ఇప్పుడు విమానముంది, ఫోనుంది. పూర్వం టపా ఎలా? మర్రీ అనే ఊరి నుంచి బర్డ్స్‌విల్‌కి 517 కిలోమీటర్ల దారి. 1936 నుంచి ఇరవై ఏళ్లు లారీలో టపా మోసినాయన పేరు టామ్ క్రూస్. సినిమా హీరో కాదులెండి, కానీ ఈయన మీదా సినిమా వచ్చింది. 1954లో ‘ద బ్యాక్ ఆఫ్ బియాండ్’ అని, వెనిస్‌లో బహుమతి కూడా కొట్టింది. ఇసుకలో దిగబడిన లారీ చక్రాల కింద ఇనప రేకులు పరిచి, గజం గజం ముందుకి నడిపించడం ఆయన నిత్యకర్మ.

లారీల కంటే ముందు ఒంటెలు. వాటిని మన ఉపఖండం నుంచే ఓడల్లో దింపారు, తోలేవాళ్లతో సహా. సింధు, బలూచిస్తాన్, పంజాబ్, అఫ్ఘనిస్తాన్ల నుంచి పోయినవాళ్లందర్నీ కలిపి ‘అఫ్ఘన్లు’ అనేశారు. వాళ్లు మోసిన పిండీ పంచదారా తినే ఆ ఊళ్లు బతికాయి. వాళ్లకి దక్కిన గౌరవం మాత్రం అంతంతమాత్రం. లారీలొచ్చాక ఒంటెల్ని అడవికి వదిలేశారు, అవి వేలకు వేలయ్యాయి. బర్డ్స్‌విల్ బేకరీకి పేరు తెచ్చిన వంటకమేమిటో తెలుసా? ఒంటెమాంసం కూర కూరిన పై. ఒంటే ఇటునుంచి వెళ్లింది, కూరా ఇటునుంచే వెళ్లింది. రెండూ అక్కడ మైదాపిండిలో కలుసుకున్నాయి.

ఆ షైర్ నైరుతి కొసన పోపెల్ కార్నర్ అనే చోట మూడు రాష్ట్రప్రాంతాల సరిహద్దులు కలుస్తాయి. 1880లో సర్వే చేసిన అగస్టస్ పోపెల్ గొలుసు వాడి వాడి అంగుళం సాగిందట. దాంతో హద్దుకొయ్య ఒక ఉప్పు సరస్సులో పడింది, తర్వాత పీకి సరైన చోట పాతారు. డిసెంబరు 31 రాత్రి అక్కడ నిలబడితే అరగంటకోసారి చొప్పున మూడు కొత్త సంవత్సరాలు వస్తాయి. మూడు వైపులా మూడు గడియారాలు.

కాకపోతే ఆ రాత్రి అక్కడ నిలబడటం కుదరదు. ఏటా డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా ఆ కొస ఉన్న సింప్సన్ ఎడారి పార్కుని క్వీన్స్‌లాండ్ వైపు ఎండలకి భయపడి మూసేస్తారు. మీ పిల్లలెవరైనా బ్రిస్బేన్‌లో ఉండి, సెలవులకి కారేసుకుని బయల్దేరతామంటే, బర్డ్స్‌విల్ దాకా 1,600 కిలోమీటర్లని ముందే చెప్పండి. అక్కడి చలికాలంలో, అంటే మన వానాకాలంలో వెళ్లమనండి. కౌన్సిల్ వాళ్లు ఏ రోడ్డు తెరిచారో ఏది మూశారో కనుక్కుని, నీళ్లు రెట్టింపు పెట్టుకోమనండి. బండి చెడిపోతే మాత్రం, ఎవరేం చెప్పినా, దాన్ని వదిలి ఒక్క అడుగు కదలొద్దనండి.