పట్నం పద్దు

ఏ పనీ చెయ్యడానికి మనసొప్పనప్పుడు మనిషి లాభనష్టాలు బేరీజు వేస్తాడు. మొన్న నేను చేసిందీ అదే.

హైదరాబాదులో ఉన్న మావాడు ఫోను చేసినప్పుడల్లా పాట ఒకటే. "నాన్నా, బోధన్‌లో ఇంకేముంది? అమ్మను తీసుకొని వచ్చెయ్యండి."

ముప్ఫయ్యేళ్ళు బళ్ళో లెక్కలు చెప్పినవాణ్ణి. లెక్క తేలకుండా గడప దాటతానా? నోటుబుక్కు తీసి నడుమ గీత కొట్టాను. ఎడమవైపు 'పోతే', కుడివైపు 'ఉంటే'.

ఎడమవైపు పెద్దాసుపత్రులు, మనవరాలి ముద్దుమాటలు రాసేసరికి కలం ఆగింది. కుడివైపు మాత్రం పరుగే పరుగు. సొంత ఇల్లు, పొద్దున్నే కాలువగట్టు మీద నడక, దారి పొడుగునా "నమస్తే సార్"లు, టీకొట్లో నా పేర ఖాతా, పెరట్లో కరివేపాకు చెట్టు.

ఆ ఉత్సాహంలో చరిత్రలోకి కూడా దిగాను. 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయింది. కాలువలు పారాయి, చెరుకు పండింది, 1937లో శక్కర్‌నగర్‌లో ఫ్యాక్టరీ లేచింది. కృష్ణా, గుంటూరు వైపు రైతులు ఆ నీళ్ళను నమ్ముకొని వచ్చి స్థిరపడ్డారు. వాళ్ళ ఊళ్ళకు ఇప్పటికీ 'క్యాంపు' అనే పేరు. నలుగురూ వెతుక్కుంటూ వచ్చిన సీమను వదిలి నేను పోవడమేమిటి? గర్వంగా రాసుకున్నాను.

కాని లెక్కల మాస్టరు ఒకవైపే రాస్తే తప్పు. క్రషింగు రోజుల్లో ఊరంతా మొలాసిస్ వాసన, రోడ్డు పొడుగునా చెరుకు బండ్ల బారు. 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటించాక ఆ వాసనా లేదు, ఆ బారూ లేదు. అసలు మంజీరే మాకంటే ముందు పట్నం దారి పట్టింది. ఎగువన సింగూరులో ఆపి, పైపుల్లో హైదరాబాదుకు తాగునీరుగా తీసుకుపోయారు. నీళ్ళే పోయాక నేనెంత? ఇది ఎడమవైపు రాశాను.

ఇంతలో మా ఆవిడ టీ తెచ్చి, కళ్ళజోడు పెట్టుకొని మొత్తం చదివింది.

"ఇండ్ల నేనెక్కడున్న?" అంది.

చూశాను. నడక నాది. నమస్తేలు నావి. టీకొట్టు ఖాతా నాది.

"కరివేపాకు నీదే కదా!" అన్నాను.

"నీళ్ళు పోసేది నేనే గద మరి" అని పక్కన కూర్చుంది. "మిమ్మల్ని సార్ అనేటోళ్ళు ఊరంత ఉన్నరు. నేను సార్ భార్యను. పెండ్లయినంక ఆర్మూరు నుంచి ఒక ట్రంకుపెట్టె పట్టుకొని ఈ ఊరికొచ్చిన. అప్పుడు మా నాయిన గిట్ల గీత కొట్టి లెక్క చూడలే. పోతవా బిడ్డా అని నన్ను ఎవరూ అడగలే."

కోపంగా అని ఉంటే బాగుండేది, జవాబు చెప్పేవాణ్ణి. టీలో పంచదార తక్కువైందని చెప్పినంత మామూలుగా అంది. నలభయ్యేళ్ళ కాపురంలో ఆమె ఊరు విడిచి వచ్చిందని నాకు ఒక్కనాడూ తోచలేదు. పెళ్ళి చేసుకొని వచ్చిందనే అనుకున్నాను.

"మరి నీకు పోవాలని ఉందా?" అన్నాను. సిగ్గుపడవలసిన మాటేమిటంటే, మావాడు ఏడాదిగా అడుగుతున్నా, ఆ ప్రశ్న నేనామెను వెయ్యడం అదే మొదలు.

కాసేపు ఆలోచించింది. "మోకాళ్ళు నొస్తున్నయి, మంచి డాక్టరుకు చూపెట్టుకోవాలె. పిల్లను ఎత్తుకోవాలని ఉంది. పక్కింటక్కను విడిచి ఉండబుద్ధి గాదు. ఎట్ల రాస్తరో రాసుకోండి."

రాయలేకపోయాను. నా గీత సరిగ్గా ఆమె మధ్యలోంచి పోతోంది.

చివరికి తీర్పు ఆమే చెప్పింది. ముందు మూడు నెలలు పోయి చూడడం. ఇల్లు అమ్మే మాట ఎత్తకూడదు. తాళంచెవి, కరివేపాకు చెట్టు పక్కింటక్కకు అప్పగింత. మూడు నెలలయ్యాక ఎక్కడ ఉండేదీ ఇద్దరం కలిసి చెప్పుకోవడం.

మావాడికి ఫోను చేసి చెప్పాను. పెట్టె సర్దుతూ నోటుబుక్కు పక్కన పడేస్తే, ఆవిడే తీసి మళ్ళీ లోపల పెట్టింది.

"పట్నంల కూరగాయలు మస్తు పిరం అంటున్నరు. పద్దు రాయనీకి పనికొస్తది!"