ఒకటికి చేరిన స్వల్పము

పాఠశాలయందు మేము చేతబట్టిన నాలుగంకెల లాగరిథమ్ పట్టికలో 1.000 కెదురుగా .0000 అని యుండును. 1.0001 యొక్క లాగరిథమును వెదకువానికిని ఆ పట్టిక యదే సున్నను జూపును. నిజమున కది సున్న గాదు; .0000434. గుణకారమును కూడికగా మార్చు నీ విద్యను 1614వ సంవత్సరమున నేపియరు ప్రకటించిన నాటనుండియు ఒకటికి మిక్కిలి చేరువనున్న సంఖ్యలు గణకులకు చిక్కు దెచ్చుచునే యున్నవి. ఆ సున్న పరీక్షలో మార్కులకు హాని చేయకపోవచ్చును గాని, పద్దుపుస్తకమున జొరబడినచో మనిషి మర్యాదకే హాని చేయగలదు.

మా మేనత్తగారు ఒక పొదుపు సంఘమున ముప్పది యేండ్లు పద్దులు వ్రాసిరి. సంఘమువారు కంప్యూటరును దెచ్చి, పాతలెక్కలను దానితో సరిచూడ నారంభించిరి. లక్ష రూపాయలకు నూటికి ఆరు వంతున, ఏనాటి వడ్డీ నానాడే అసలులో గలుపుచు, 365 దినములకు ఆమె పండ్రెండంకెల చిన్నయంత్రముతో గట్టిన మొత్తము రూ. 1,06,183.13. కంప్యూటరు జూపినది రూ. 1,06,183.36. లక్షకు 23 పైసలు. కోటికి 23 రూపాయలు. తనిఖీకి వచ్చినవారు యంత్రమును శంకింపలేదు, మనిషిని శంకించిరి. "నాయనా, ఆ పైసలు నేనే పెట్టుకొందును. నా లెక్క యెక్కడ తప్పినదో మాత్ర మెవరైన జూపవలయును గదా!" అని ఆమె నాతో ననిరి. ప్రోగ్రాములు వ్రాయుట నా వృత్తి గనుక, సంఘమువారి యనుమతితో దానిని విప్పి చూచితిని.

అందు వడ్డీభాగమును ఒకటికి గూడి, ఆ మొత్తమునకు లాగరిథము గట్టి, 365 చే గుణించి, తిరిగి ఘాతముగా మార్చుచుండిరి. పద్ధతి నిర్దుష్టమే. అయితే సంఖ్యలు 32 బిట్ల యిరుకు గదులలో నుండెను. అట్టి గదిలో ఇంచుమించు ఏడంకెలు మాత్రమే నిలుచును. దినమునకు వచ్చు వడ్డీ .0001643836. ఒంటరిగా నున్నప్పుడు దాని యేడంకెలును భద్రము. ఒకటిని జేర్చినంతనే ముందరి యొకటియు, దాని వెనుక మూడు సున్నలును చోటాక్రమించుకొనగా వడ్డీకి మూడు నాలుగంకెలే మిగులును. ఏనుగు వీపున చీమ నుంచి రెంటిని గలిపి తూచి, పిదప ఏనుగు బరువును దీసివేసి చీమ బరువు చెప్పుమన్నట్లున్నది! లాగరిథమును గట్టు భాగము నిరపరాధి. దాని చేతి కందినదే చెడిపోయిన సంఖ్య.

ఇందులకే లాగ్‌వన్‌పీ యను ప్రమేయము గలదు. దానికి ఒకటిని గూడిన సంఖ్య నీయరాదు, స్వల్పమును మాత్రమే యీయవలయును. 1668లో మెర్కేటరు ప్రకటించిన శ్రేణి యందరెరిగినదే: స్వల్పమునుండి దాని వర్గములో సగము దీసి, ఘనములో మూడవవంతు గూడి, ఇట్లే సాగవలెను. ఒకటి యన్నది యెచ్చటను దగులదు. 1979 నాటి హెచ్‌పీ-41సీ చేతియంత్రమున నీ ప్రమేయ ముండెను. 1999లో సీ భాషా ప్రమాణమున జేరినది. సంఘము ప్రోగ్రామునందు ఆ యొక్క మాట మార్చి, కూడికను దీసివేయగా, రూ. 1,06,183.13 వచ్చినది. మేనత్తగారు కాగితమును రెండు మారులు చదువుకొని, తమ పద్దుపుస్తకమున మడిచి పెట్టుకొనిరి. తనిఖీవారు క్షమాపణ చెప్పలేదు. సంతకము మాత్రము చేసిరి.

64 బిట్ల గదులున్న నీ బాధ లేదందురు కొందరు. అచ్చట పదునైదు పదునా రంకెలు నిలుచు మాట నిజమే. కాని పది ఘాతము ఋణము 16 ను ఒకటికి గూడిన అక్కడను ఒకటే మిగులును, దాని లాగరిథము శుద్ధశూన్యము. లాగ్‌వన్‌పీ ఆ స్వల్పమునే యథాతథముగా నిచ్చును.

ఈ ప్రమేయము లేని భాషలో నొక చక్కని యుపాయము గలదు. దాని యుపపత్తిని 1991లో గోల్డ్‌బర్గు తన వ్యాసమున నిచ్చెను. ఒకటిని గూడగా యంత్రమున నిలిచిన సంఖ్య ఒకటియే యైనచో స్వల్పమునే ఫలముగా గైకొనుము. లేదా, నిలిచిన సంఖ్యకు లాగరిథము గట్టి, స్వల్పముచే గుణించి, నిలిచిన సంఖ్యలోనుండి ఒకటి దీసివేయగా వచ్చిన దానిచే భాగింపుము. ఒకే తప్పు పైనను క్రిందను బడి కొట్టుకొనిపోవును. గణితమున మక్కువగల పై తరగతివారు దీనిని .0001643836 తో జేసిచూడవచ్చును.