టాంకీ అడుగున మడ్డి



కనెక్టికట్, మసాచుసెట్స్ వైపు ఇళ్లు కొనుక్కుంటున్న మనవాళ్లు ఈ మధ్య కనిపిస్తున్నారు, మాషా అల్లాహ్. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు వంటగది చూస్తారు, నమాజుకి ఒక కమ్రా మిగులుతుందా అని చూస్తారు, మస్జిద్ ఎంత దూరమో లెక్క వేస్తారు. బేస్‌మెంట్‌లో ఓ మూల నిలబడి ఉండే ఇనప టాంకీని మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఈసారి దాని గురించే రాస్తున్నాను. కర్నూలులోనో గుంటూరులోనో కూర్చుని చదువుతున్న బహెన్లు "మాకెందుకమ్మా ఈ గోల" అనుకోకండి. మీ బేటానో బేటీనో ఇటువైపు ఉంటే ఈ ఫికర్ మీది కూడా.

ఇక్కడ గ్యాస్ లైను రాని ఊళ్లు బోలెడు. అలాంటి చోట ఇల్లు వెచ్చబడేది ఆయిల్‌తో. లారీ వస్తుంది, ఇంటి గోడకున్న పైపులో పోసి వెళ్తుంది. మామూలు టాంకీ 275 గ్యాలన్లది, మన లెక్కలో సుమారు 1040 లీటర్లు. ఆ ఆయిల్ డీజిల్‌కి సగీ బహెన్ లాంటిది. రోడ్డు మీద నడిచే బండ్ల పన్ను దీనికి లేదు కాబట్టి, ఎవరూ బండ్లలో పోసుకోకుండా ఎర్ర రంగు కలుపుతారు. మన రేషన్ కిరోసిన్‌కి నీలం రంగు కలిపేవాళ్లు గుర్తుందా, అదే హిసాబ్. మా బాయిలర్ ఇంటినీ వెచ్చబెడుతుంది, కుళాయికి వేడినీళ్లూ ఇస్తుంది. బర్నర్ ఆగిందంటే చలికి చలి, వుజూకి మంచునీళ్లు.

మా ఇంట్లో అది ఆగింది జనవరి నెలలో, ఒక రాత్రి పూట. అమ్మీ కర్నూలు నుంచి వచ్చి రెండు నెలలయింది. అమ్మీకి దమ్మా ఉంది, చలిగాలి తగిలితే ఊపిరి అందదు. తహజ్జుద్‌కి లేచి "బేటీ, ఇల్లు చల్లబడింది" అని తనే నన్ను లేపింది. మా వారు కిందికి వెళ్లి బర్నర్ మీదున్న ఎర్ర బటన్ ఒకసారి నొక్కారు. గరగరమని తిరిగింది, మంట అంటుకోలేదు, ఆగిపోయింది. రెండోసారి నొక్కలేదు. ఈ మాట అందరూ గుర్తుపెట్టుకోండి: ఆ బటన్ ఒక్కసారే. నొక్కిన ప్రతిసారీ లోపల ఆయిల్ చిమ్ముతుంది. మంట లేకుండా చిమ్మిన ఆయిల్ అక్కడే చేరుతుంది. ఆ తర్వాత ఎప్పుడో అంటుకుంటే ఒక్క ఉదుటున పేలి ఇల్లంతా మసి అవుతుంది.

సర్వీసుకి ఫోన్ చేశాం. పైపుల్లో నీళ్లు గడ్డ కట్టకుండా కుళాయిలు సన్నగా వదిలాం. అమ్మీని రెండు రజాయీల్లో చుట్టి కూర్చోబెట్టి, కరెంటు పొయ్యి మీద వుజూకి నీళ్లు కాచి ఇచ్చాను. ఫజర్ అయిన కాసేపటికి మిస్త్రీ వచ్చాడు. పెద్దవయసు మనిషి. టాంకీకీ బర్నర్‌కీ మధ్యలో ఉండే ఫిల్టర్ డబ్బా విప్పాడు. అందులో ఆయిల్ ఎర్రగా లేదు. నల్లగా, జిగటగా, మన గానుగ నూనె కుండ అడుగున పేరుకునే మడ్డిలా ఉంది.

అతను చెబుతున్నది నేను అమ్మీకి చెప్పబోతే, మెట్ల మీద కూర్చుని చూస్తున్న అమ్మీయే ముందు అనేసింది: "అరే, ఇది మన పంపు స్టవ్వే కదే!"

అక్షరాలా అంతే. పంపు స్టవ్వులో గాలి కొడితే కిరోసిన్ సన్నటి చిల్లు లోంచి ఎగదన్నుకొచ్చి మండేది. చిల్లులో నలుసు పడితే పిన్ను పెట్టి పొడిచేవాళ్లం. ఇక్కడ పంపు మోటారుతో తిరుగుతుంది, చదరపు అంగుళానికి 100 పౌండ్లు, అంతకన్నా ఎక్కువ ఒత్తిడితో ఆయిల్‌ని నాజిల్ లోంచి పొగమంచులా చిమ్ముతుంది. 10,000 వోల్టుల పైచిలుకు నిప్పురవ్వ దాన్ని అంటిస్తుంది. మంటను కనిపెట్టే చిన్న కన్నొకటి ఉంటుంది. కొన్ని సెకన్లలో వెలుతురు కనబడకపోతే అది బర్నర్‌ని ఆపేస్తుంది. నాజిల్ దారి ఎంత సన్నమంటే, పిన్నుతో పొడిస్తే పాడవుతుంది. మార్చాల్సిందే. అమ్మీ రేషన్ కిరోసిన్‌ని పాత మల్లు గుడ్డలో వడకట్టకుండా ఎప్పుడూ స్టవ్వులో పోసేది కాదు. ఇక్కడ ఆ గుడ్డ పని ఫిల్టర్‌ది.

ఇంతకీ ఆ మడ్డి ఎక్కడిది? మొదటి దోషి నీళ్లు. టాంకీ సగం ఖాళీగా ఉంటే మిగతా సగం గాలి. ఎండాకాలం ఉక్క గాలి చల్లటి ఇనుముకి తగిలి చెమట పడుతుంది. బయట పోసే పైపు మూత సరిగా పట్టకపోతే వాననీళ్లూ దిగుతాయి. నీళ్లు ఆయిల్ కన్నా బరువు, అడుగుకి చేరతాయి. నీళ్లూ ఆయిలూ కలిసే ఆ గీత దగ్గర బాక్టీరియా, బూజు బతుకుతాయి. వాటికి ఆయిలే తిండి. అవి పెరిగి, చచ్చి, జిగురుగా పేరుకుంటాయి. దానికి తుప్పు తోడు. ఏళ్ల తరబడి నిలవున్న ఆయిల్ గాలి తగిలి తనంతట తానే బంకవుతుంది, అది మూడోది. ఆ పురుగుల పుల్లదనం ఇనుమును లోపలి నుంచి తింటుంది. బయట రంగు నిగనిగలాడుతుంటుంది, అడుగు మాత్రం పలచబడిపోతుంది.

మరి అదే రాత్రి ఎందుకు ఆగింది? రెండు రోజుల ముందే లారీ వచ్చి టాంకీ నింపింది. అంత ఆయిల్ ఒక్కసారి పైనుంచి దూకితే అడుగు మడ్డి కలియబడుతుంది, కలియబడింది ఫిల్టర్‌కి చేరుతుంది.

మిస్త్రీ ఒక పొడుగు కర్రకి ఏదో లేపనం రాసి టాంకీ అడుగుదాకా దించాడు. నీళ్లు తగిలిన మేరకు దాని రంగు మారుతుంది. మా కర్ర చివర రంగు మారింది. ఫిల్టరూ జాలీ నాజిలూ మార్చి, లైను శుభ్రం చేసి, జుహర్ లోపు మంట వెలిగించాడు, అల్హందులిల్లాహ్.

అతని దగ్గర నేర్చుకున్నది, తర్వాత రెండు చలికాలాలు నడిపి చూసుకున్నది మీకోసం రాస్తున్నా.

సెప్టెంబర్‌లోనే సర్వీసు చేయించండి. ఫిల్టరు, పంపులోని జాలీ, నాజిల్ ప్రతి ఏడాదీ కొత్తవి వేయాలి. మంట సరిగా మండుతోందో లేదో మిషన్ పెట్టి కొలవమని అడగండి. చలికాలం అయిపోగానే టాంకీ నింపి పెట్టండి, ఎండాకాలంలో చెమటకి చోటు తగ్గుతుంది. ఏడాదికోసారి ఆ కర్ర పరీక్ష చేయించండి. నీళ్లుంటే తోడించండి. ఆయిల్ పావు వంతు కన్నా కిందికి పోనివ్వకండి. లారీ వచ్చే ముందు బర్నర్ ఆపండి, పోసి వెళ్లాక రెండు మూడు గంటలు మడ్డి అడుగుకి దిగనిచ్చి అప్పుడు వేయండి.

దుకాణాల్లో సీసాల్లో దవా అమ్ముతారు. అన్నీ ఒకటి కావు. పురుగుల్ని చంపేది వేరు, మడ్డిని కరిగించేది వేరు. నీళ్లు తోడకుండా మొదటిది పోస్తే పురుగులు మళ్లీ పుడతాయి. ఏళ్లనాటి మడ్డి ఉన్న టాంకీలో రెండోది పోస్తే అదంతా ఒక్కసారి లేచి వచ్చి ఫిల్టర్ మూసుకుపోతుంది. మిస్త్రీని అడక్కుండా ఏదీ పోయకండి. టాంకీ బయట పెట్టుకున్నవాళ్లకి ఇంకో తక్లీఫ్ ఉంది. కడుం చలిలో ఆయిల్‌లోని మైనం గడ్డకడుతుంది. అది మడ్డి కాదు, కిరోసిన్ కలిపిన ఆయిల్ పోయించుకుంటే సరిపోతుంది. ఆయిల్ మండే ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పకుండా ఉండాలి. ఆ విషవాయువుకి వాసన లేదు.

ఇక అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. మిస్త్రీ వెళ్తూ వెళ్తూ, టాంకీ అడుగు పలచబడింది, ఎండాకాలంలో మార్చేయమన్నాడు. మేము డబ్బు కూడబెట్టింది అమ్మీని ఉమ్రాకి తీసుకెళ్లడానికి. రెండింటికీ సరిపోదు. మా వారు ఆలోచించారు: కారడం లేదు కదా, ఒక ఏడాది లాగించి ముందు ఉమ్రా చేసొద్దాం, అమ్మీ ఆరోగ్యం ఎప్పుడెలా ఉంటుందో. ఆయన మాటలోనూ మొహబ్బత్తే ఉంది. నాకూ అదే నయమనిపించింది.

అమ్మీ ఒకే సవాల్ అడిగింది. "అది కారితే ఎక్కడికి పోతుంది?"

మట్టిలోకి. మా వీధిలో ఇంటింటికీ బోరు నీళ్లే తాగడానికి. పక్కింటి ముసలామె బోరు మా బేస్‌మెంట్ గోడకి ఎంతో దూరం లేదు.

"పడోసీ నీళ్లలో నూనె కలిపి నేను కాబాకి ఏ మొహంతో వెళ్తానే? నాకు ఉమ్రా ఇచ్చేవాడు అల్లాహ్. పడోసీ హక్ మాత్రం మన మీద ఉంది. ముందు అది తీర్చు" అంది. మళ్లీ ఆ మాట ఎత్తనివ్వలేదు.

జూన్‌లో పాత టాంకీ ముక్కలుగా కోసి బయటికి తీశారు. అడుగున గోరు పెట్టి గీస్తే పొరలు లేచి వచ్చాయి. కొత్తది రెండు గోడలది, లోపలి గోడ కారినా బయటి గోడ పట్టుకుంటుంది. అప్పటికి అమ్మీ కర్నూలు వెళ్లిపోయింది. ఫోటో పంపితే, "మూత గట్టిగా బిగించారా?" అని వాయిస్ పెట్టింది.

ఉమ్రా డబ్బు మళ్లీ మొదటి నుంచి కూడుతున్నాం. ఇన్షా అల్లాహ్ వచ్చే ఏడాది. అమ్మీ దమ్మా అంతవరకూ సతాయించకూడదని దువా చేయండి. ఈ ఆదివారం మీరు ఓసారి బేస్‌మెంట్‌లోకి దిగి, ఫిల్టర్ డబ్బా మీద చివరి సర్వీసు తారీఖు ఏముందో చూడండి.

ఖుదా హాఫిజ్.