బుద్ధాం కంచు బుద్ధుడు

మే 4, నూజివీడు
బంగినపల్లి కోత జోరుగా సాగుతోంది. చిక్కాలు పట్టుకున్న కుర్రాళ్లు కాయ దించి, సొన కారేలా బోర్లిస్తున్నారు. చెట్టు కింద కూర్చుని నేను బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న మన బుద్ధుడి ఫొటో చూస్తున్నాను. కంచు విగ్రహం, నిలబడి ఉన్నాడు. మూరెడు కూడా ఉండడు. 6వ శతాబ్దం నాటివాడంటారు. ఒంటికి అంటుకుని జారే ఆ చీవరాన్ని లోహంలో తెచ్చిన చెయ్యి ఎవరిదో!

మే 5
దొరికింది బాపట్ల దగ్గరి బుద్ధాంలో, 1870లో, మరికొన్ని కంచు బొమ్మలతో పాటు. రాబర్ట్ సూయెల్ 1895లో వాటి మీద వ్యాసం రాశాడు. 1905లో అవి బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. అవి బయటపడ్డప్పుడు ఆ ఊరూ మా నూజివీడూ ఒకే కృష్ణా జిల్లా. 1904లో గుంటూరు విడిపోయింది. 2022లో మేం ఏలూరు జిల్లాకి వచ్చాం, బుద్ధాం బాపట్ల జిల్లాకి పోయింది. జిల్లాలు ఎన్ని మారినా ఊరి పేరు మాత్రం బుద్ధుణ్ణి వదల్లేదు.

మే 11
ఇలాంటి కంచు బొమ్మల పోత పని గురించి చదివాను. ముందు మైనంతో బొమ్మ చేస్తారు. దాని మీద మెత్తటి మట్టి పూత, ఆపైన గరుకు మట్టి. కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. చల్లారాక మట్టి పగలగొట్టాలి, అంటే ఆ అచ్చుతో రెండో బొమ్మ రాదు. ఆదిలాబాద్ వైపు ఓజాలు ఈనాటికీ ఇలాగే పోతపోస్తున్నారు. అందుకే ఒక్క విగ్రహం పోయినా నాకు కడుపు తరుక్కుపోతుంది.

మే 12
వియత్నాంలోని దోంగ్ దువోంగ్‌లో 1911లో దొరికిన కంచు బుద్ధుడిలో అమరావతి శిల్పాల పోలికలు కనిపిస్తాయి. చిన్న విగ్రహాలు భిక్షువుల మూటల్లో, వర్తకుల ఓడల్లో సముద్రం దాటాయి. రాతి స్తంభం అంత సులువుగా కదలదు. చిన్నదనమే కంచుకి బలం, అదే ప్రమాదం కూడా.

మే 19
రాత్రి ఈదురుగాలి. రసాలు నేల రాలాయి. ఏమీ చదవలేదు.

మే 23
తమిళనాడులోని శ్రీపురందాన్ గుడిలో ఉన్న కంచు నటరాజు దొంగల చేతికి చిక్కి ఆస్ట్రేలియా చేరాడు. 2014లో తిరిగొచ్చాడు. పుదుచ్చేరిలోని ఫ్రెంచి సంస్థ ఎప్పుడో గుళ్లలో తీయించి దాచిన ఫొటోలే ఆయన ఫలానా గుడి వాడని చెప్పాయి. ఫొటో లేకపోతే ఏ సాక్ష్యంతో అడుగుతాం?

సాయంత్రం మా రామాలయానికి వెళ్లాను. “ఆచార్యులు గారూ, ఉత్సవమూర్తులకి ఫొటోలున్నాయా?” అన్నాను.
“పూలదండలతో ఉన్నాయి బాబూ. అలంకారం లేకుండా ఎవరు తీస్తారు?”
దండలు, పట్టుబట్టలు కప్పేస్తే మిగిలేది ముఖం ఒక్కటే. వీపు, పీఠం, దాని మీద అక్షరాలేవైనా ఉంటే అవి, ఎక్కడైనా చిన్న సొట్ట. గుర్తుపట్టేది వాటితోనే.

మే 25
తిరుమంజనం అయ్యాక ఆచార్యులు గారే పిలిచారు. మడికి భంగం రాకుండా దూరం నుంచి తీశాను. ముందు, వెనక, రెండు పక్కలు. ఎత్తు, బరువు ఆయన చెప్పగా రాసుకున్నాను. ఒక ప్రతి గుడి కమిటీకి, ఒకటి దేవాదాయ శాఖకి ఇస్తాం.

ఆగిరిపల్లి, ముసునూరు, రెడ్డిగూడెం వాళ్లకి కూడా ఇదే నా మనవి: మామిడి కోతలు అయ్యాక ఒక పూట కేటాయించి, మీ గుడిలోని పంచలోహ విగ్రహాలకు అర్చకుల అనుమతితో నాలుగు వైపులా ఫొటోలు తీయించండి.