దాచని మాట

పాకాల చేరువనున్న ఒక చిన్న ఊరిలో సముద్రమును చూచినవారు అరుదు. ఆ ఊరివారికి తెలిసిన పెద్ద నీరు చెరువే; అదియును వానలు బాగుగా కురిసిన ఏటనే నిండును. చెరకు, వేరుసెనగ, మామిడి అచ్చటి వారికి జీవనాధారములు. అట్టి ఊరినుండి ఒక యువకుడు నౌకాదళమునకు ఎన్నికయ్యెను. అతని తండ్రి చెరకు పండించి, గానుగ ఆడించి, బెల్లము వండి, చిత్తూరు మండీలో అమ్ముకొను రైతు. కుమారుడు ఓడ ఎక్కునని విన్ననాడు ఆ తండ్రి ఆనందమునకు మేర లేకపోయెను.

భారత నౌకాదళమున చేరు యువకులను 2022వ సంవత్సరము నుండి అగ్నివీరులు అను పేరుతో తీసికొనుచున్నారు. వారికి తొలి శిక్షణ ఒడిశాలోని చిలికా సరస్సు ఒడ్డున, ఐ.ఎన్.ఎస్. చిల్కా అను శిక్షణాలయమున జరుగును. మొదటి జట్టు 2023 మార్చి 28వ తేదీన శిక్షణ ముగించుకొని బయటకు వచ్చినది. వారిలో యువతులును ఉండిరి. అయితే, పరుగులో నెగ్గి, వ్రాతపరీక్షలో నెగ్గి, వైద్యుల పరీక్షలో నెగ్గినంత మాత్రమున ఎవ్వరును నౌకాదళమువారు కాజాలరు. అభ్యర్థి ఎవరు, ఎచ్చట పెరిగెను, ఎట్టి నడవడి గలవాడు అను సంగతులను పోలీసులు విచారించి ధ్రువపరుపవలెను. ఆ విచారణకై ఒక పత్రమును నింపవలసి యుండును.

ఆ పత్రము యువకుని ఇంటికి వచ్చినది. రాత్రి భోజనములైన పిదప అతడు దీపము క్రింద కూర్చుండి నింపసాగెను. తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన ఊరు, చదివిన పాఠశాలలు, గడచిన ఐదేండ్లలో ఏడాదికి మించి నివసించిన చోటులు వరుసగా వ్రాసెను. పిమ్మట ఒక ప్రశ్న యొద్ద అతని చేయి ఆగిపోయెను. ‘నీవు ఎన్నడైనను అరెస్టు అయితివా? నీపై ఎన్నడైనను కేసు నడచినదా?’ అని ఆ ప్రశ్న.

ఇంటర్మీడియేటు చదువునకై అతడు చిత్తూరులో రెండేండ్లు ఉండెను. పరీక్షలైన పిదప, మే నెలలో గంగజాతరకు స్నేహితులతో మరల అచ్చటికి వెళ్లెను. జాతర గుంపులో రెండు జట్ల కుఱ్ఱవాండ్ర నడుమ మాటామాటా పెరిగి తోపులాట యయ్యెను. ఒక సోడాల బండి పల్టీ కొట్టెను. పోలీసులు వచ్చిరి, ఆరుగురిపై కేసు పెట్టిరి. అప్పటి కతనికి పదునెనిమిదేండ్లు నిండి రెండు మాసములైనను కాలేదు. కొంతకాలమునకు బండి యజమానికి నష్టము చెల్లించి, లోక్ అదాలత్తులో రాజీపడిరి. కేసు ముగిసెను. ఊరిలో ఈ సంగతి ఇంటివారికి తప్ప మరెవ్వరికిని తెలియదు.

ఆ రాత్రి అతని మేనమామ కూడ ఇంటనే ఉండెను. ఆయన అల్లుని మేలు కోరినవాడే. పత్రమును చూచి, “లేదు అని వ్రాయుము నాయనా! ముగిసిన కేసును మరల త్రవ్వుట ఎందులకు? చిత్తూరు ఇప్పుడు వేఱు జిల్లా. మనది తిరుపతి జిల్లా యైనది. అక్కడి కాగితము ఇక్కడికి వచ్చునా?” అనెను. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. 2022 ఏప్రిల్ 4వ తేదీన తిరుపతి జిల్లా ఏర్పడినది. అంతవరకు చిత్తూరు జిల్లాలో నుండిన పాకాల ఆ కొత్త జిల్లాలో చేరినది. కాని మనుష్యుడు నడచిన బాట జిల్లా సరిహద్దు మారినంత మాత్రమున చెరిగిపోవునా?

యువకుడు తండ్రివైపు చూచెను. తండ్రి వెంటనే బదులు పలుకలేదు. కొంతసేపటికి ఇట్లనెను: “నాయనా, మన బెల్లము నల్లగా నుండును. తెల్లగా కనబడుటకు కొందఱు పాకములో మందు కలుపుదురు. నేను కలుపను. మండీలో కొనువాడు మన దిమ్మెను చూచి, కొంటే కొనును; వద్దన్నచో బండికెత్తుకొని వచ్చెదను. ఒకనాడు ధర తగ్గినది గాని, నా బెల్లము మోసమని ఇంతవరకు ఎవ్వరును అనలేదు. ఉన్నది వ్రాయుము. వారు వద్దన్నచో మన చెరకు మనకున్నది.”

తల్లి ఏమియు అనలేదు. దీపమును కొంచెము దగ్గరకు జరిపినది. యువకుడు ‘అవును’ అని వ్రాసి, కేసు పెట్టిన సంవత్సరమును, రాజీపడిన సంగతిని క్రింద వివరించెను. ఆ నాలుగు పంక్తులు వ్రాయుటకు అతనికి పట్టినంత సేపు పరీక్ష మొత్తము వ్రాయుటకైనను పట్టలేదు.

కొందఱు ఇట్టి విచారణను అవమానముగా తలంతురు. తమ్ము దొంగలుగా చూచుచున్నారని నొచ్చుకొందురు. ఓడలోని ఒక్క మాట బయటికి పొక్కినచో ఏమి జరుగునో ఎరిగినవారు అట్లు తలపరు.

1971లో పాకిస్తానుతో యుద్ధము రాబోవు దినములలో విశాఖపట్టణమున జరిగిన సంగతి ఇందుకు నిదర్శనము. శత్రువుల జలాంతర్గామి ‘ఘాజీ’ మన విమానవాహక నౌక ‘విక్రాంత్’ను వెదకుచు బంగాళాఖాతమునకు వచ్చినది. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ విక్రాంత్‌ను అండమాను దీవుల వైపు పంపివేసి, అది విశాఖ చెంతనే ఉన్నట్లు శత్రువును నమ్మించెను. ‘రాజ్‌పుత్’ అను పాత ఓడ విక్రాంత్ వలె నటించి తంత్రీవార్తలు పంపెను. వానిలో ఒకటి మిక్కిలి చిన్నది: విక్రాంత్ నావికుడొకడు జబ్బుపడిన తన తల్లి క్షేమమును విచారించుచున్నట్లు కల్పించిన తంతి. డిసెంబరు 3-4 తేదీల నడిరాత్రి ఘాజీ విశాఖ తీరమున మునిగిపోయెను. ఒక నావికుడు తల్లికొరకు పంపిన తంతి వలన శత్రువు ఒక మహానౌక జాడను ఊహింపగలడని మన సేనాధిపతి ఎరిగి యుండెను. కల్పించిన తంతి శత్రువునకు వలయైనది. అదే నిజమైన తంతి యైనచో మనకు చేటగును.

కాలము మారినను ఆ భయము మారలేదు. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ పోలీసు నిఘా విభాగమువారు ఏడుగురు నౌకాదళ సిబ్బందిని, ఒక హవాలా వ్యాపారిని నిర్బంధించిరి. ఓడల రహస్యములను పాకిస్తానునకు అందించిరని వారిపై ఆరోపణ. విశాఖ రేవున డాల్ఫిన్ ముక్కు వలె సముద్రములోనికి చొచ్చుకొని యున్న కొండ పేరిట ఆ దర్యాప్తునకు ‘డాల్ఫిన్స్ నోస్’ అని పేరు పెట్టిరి. ఫేసుబుక్కులో పరిచయము చేసికొన్న స్త్రీల మాటలతో ఆ ఉచ్చు ఆరంభమైనదని పోలీసులు తెలిపిరి. ఆ నెలలోనే నౌకాదళము ఓడలపైనను స్థావరములలోను స్మార్టుఫోనులను నిషేధించెను.

ఉచ్చు పన్నువాడు మొదట వెదకునది దాచుకొన్న సంగతినే. అప్పును దాచుకొన్నవానిని అప్పుతో బెదిరించును. తప్పును దాచుకొన్నవానిని తప్పుతో బెదిరించును. ఏమియు దాచని వానిని దేనితో బెదిరింపగలడు? శత్రువునకు తెలియరాని రహస్యమును కాపాడవలసినవానికి తన దేశము నొద్ద దాచవలసిన రహస్యము ఉండరాదు. ఆ పత్రములోని ప్రశ్నలన్నింటికిని సారము ఇదియే.

న్యాయస్థానములును ఈ తారతమ్యమును గుర్తించినవి. అవతార్ సింగ్ కేసులో 2016 జులై 21వ తేదీన సుప్రీంకోర్టు, ఉద్యోగమునకు ముందు ఇచ్చు సమాచారము సత్యముగా నుండవలెననియు, దానిని దాచుట దోషమనియు చెప్పెను. చిన్న వయసులో జరిగిన అల్పమైన తప్పులను అధికారులు తమ విచక్షణతో ఉపేక్షింపవచ్చుననియు చెప్పెను. అనగా తప్పును మన్నించుటకు త్రోవ కలదు. కాని ఆ త్రోవ తీర్పరుల చేతిలో నున్నది. నిజము చెప్పుట మాత్రము మన చేతిలో నున్నది.

కొన్ని దినములకు ఒక పోలీసు ఉద్యోగి ఊరికి వచ్చెను. రచ్చబండ యొద్ద పెద్దలను అడిగెను. పాఠశాల ఉపాధ్యాయుని అడిగెను. ఇరుగుపొరుగు వారిని అడిగెను. ఇంటికి వచ్చి తల్లి ఇచ్చిన మజ్జిగ త్రాగి, పత్రమును తిరుగవేసి, “చిత్తూరులో కేసు ఉన్నదని మీవాడే వ్రాసినాడా అమ్మా?” అని అడిగెను. “అవును నాయనా, వాడే వ్రాసినాడు” అని ఆమె తలయెత్తి చెప్పెను. అతడు చిత్తూరు నివాసమును గూర్చి అచ్చటి పోలీసులను విచారింపగా, వారి దప్తరములోని సంగతియు యువకుడు వ్రాసిన సంగతియు అక్షరాలా సరిపోయెను.

పిమ్మట ఎదురుచూపు. రెండు మాసములు ఆ ఇంట ఎవ్వరికిని సరిగా నిద్ర లేదు. మేనమామ మాత్రము “నా మాట విని యుంటే!” అని అప్పుడప్పుడు నిట్టూర్చుచుండెను. తండ్రి గానుగ పని మానలేదు. తుదకు చిల్కాకు రమ్మని పిలుపు వచ్చినది. యువకుడు తిరుపతిలో రైలెక్కెను. అతని పెట్టెలో తల్లి కట్టి ఇచ్చిన నల్లని బెల్లపు అచ్చు ఒకటి ఉండెను.

నేడు అతడు ఓడపై నున్నాడు. ఊరివారు అప్పుడప్పుడు అతని తల్లిని అడుగుదురు: “మీవాడు ఏ ఓడలో నున్నాడక్కా? ఇప్పుడు ఎక్కడికి పోయినాడు?” కుమారుడు ఆమెకు ఓడ పేరు చెప్పియే యుండవచ్చును, చెప్పకయు ఉండవచ్చును. ఆమె నవ్వి, “సముద్రముమీద నున్నాడమ్మా” అని మాత్రము చెప్పి, చెరకు తోట వైపు సాగిపోవును.