పరగడుపున ఓ చిన్న మాత్ర

మార్చి నెల, మిరప కోతలు. సత్తెనపల్లి ఎండకు అందరికీ చెమటలు కారుతుంటే నేను శాలువా కప్పుకుని కూర్చునేదాన్ని. ‘బద్ధకం’ అనేవారు అత్తయ్య. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ 18! థైరాయిడ్ మందగించిందట.

50 మైక్రోగ్రాముల థైరాక్సిన్ మాత్ర ఇచ్చారు. తర్వాత 75, ఆపైన 100. అయినా అదే నీరసం.

చివరికి గుంటూరులో డాక్టరమ్మ అడిగారు... ‘‘మాత్ర దేంతో వేసుకుంటున్నావమ్మా?’’

‘‘కాఫీతోనండీ!’’

పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, గంటాగి కాఫీ తాగమన్నారు. క్యాల్షియం మాత్రకు నాలుగు గంటల ఎడం. అలా చేస్తే మందు ఒంటబట్టి, గుండెదడ మొదలైంది. ఇప్పుడు 100 ఎక్కువైందన్నమాట! 75కి తగ్గించి, ఆరు వారాలాగి పరీక్ష చేయిస్తే 2.4.

ఈ ఏడు కోతలకు నేనూ చేనికెళ్లాను. అత్తయ్య మాత్రం రోజూ నా కాఫీ మీద మూతపెట్టి, గడియారం చూస్తూ కూర్చుంటారు.